ఇంట్లోనే కౌజు పిట్టల గుడ్లు పొదిగించడం: కొత్తగా మొదలుపెట్టే రైతులకు సూచనలు

కౌజు పిట్ట గుడ్లు బాగా పెడుతుంది కానీ పొదగదు. మన నాటుకోడి గంప కింద గుడ్ల మీద కూర్చున్నట్టు ఇది కూర్చోదు. తరతరాలుగా గుడ్ల కోసమే ఎంపిక చేసి పెంచడం వల్ల దానికి పొదిగే గుణం పోయింది. అందుకే పిల్లలు కావాలంటే ప్రతిసారీ బయట కొనాలి, లేదా గుడ్లను మనమే పొదిగించుకోవాలి.

సోమల, చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాల్లో టమాటా, పాడి, పట్టుపురుగుల మీద బతికే చిన్న రైతులు ఎక్కువ. టమాటా ధర పడిపోయిన నెలలో ఇంటి ఖర్చులకు మరో చిన్న ఆదాయం ఉంటే బాగుంటుందని కౌజుల వైపు చూసేవారు ఉన్నారు. పని చిన్నదే, చోటు కూడా కొంచెం చాలు. అయితే 17 రోజుల పాటు ఉష్ణోగ్రత, తేమ తప్పకుండా చూసుకోవాలి. ఒక్క రాత్రి అజాగ్రత్తగా ఉంటే పెట్టిన గుడ్లన్నీ పోవచ్చు. ఆ నష్టం రాకుండా ఏం చేయాలో ఇక్కడ వరుసగా తెలుసుకుందాం.

ఈ పిట్ట గురించి ముందుగా

మనం పెంచేది జపాన్ కౌజు. సరిహద్దు అవతల తమిళనాడులో దీన్ని కాడై అంటారు. 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌కు తెప్పించి, అక్కడి నుంచి దేశమంతా వ్యాప్తి చేశారు. అక్కడి కేంద్రీయ పక్షి పరిశోధన సంస్థ కారి ఉత్తమ్, కారి ఉజ్వల్, కారి పెర్ల్ వంటి రకాలను తయారు చేసింది.

మన చేలల్లో, గుట్టల పక్కన కనిపించే అడవి కౌజులు వేరు. వాటిని పట్టడం, వాటి గుడ్లు ఏరి తేవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎవరైనా తక్కువ ధరకు ఇస్తామన్నా తీసుకోకండి.

జపాన్ కౌజు 6–7 వారాల వయసులో గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. బాగా మేపితే ఏడాదికి 250–300 గుడ్లు పెడుతుంది. గుడ్డు బరువు 10–12 గ్రాములు. కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు పడితే కౌజు గుడ్డుకు 17–18 రోజులు చాలు.

50 గుడ్లు పెడితే ఎన్ని పిల్లలు వస్తాయి?

మొదలుపెట్టే ముందు ఈ లెక్క వేసుకోండి. 50 గుడ్లలో విత్తనం పట్టినవి సుమారు 40 ఉంటాయి. వాటిలో అన్నీ పిల్లలు కావు. అంతా సవ్యంగా జరిగితే 30–35 పిల్లలు వస్తాయి. మొదటిసారి 20–25 వచ్చినా పని చెడిందనుకోవద్దు. వచ్చిన వాటిలో సుమారు సగం మగవి. అంటే 50 గుడ్లు కొంటే చివరికి గుడ్లు పెట్టే పెట్టలు 10–17 మాత్రమే చేతికొస్తాయి.

కాబట్టి మొదటి విడతలో 50 గుడ్లకు మించి పెట్టకండి. రెండు విడతలు చేతి పని అలవాటయ్యాక పెంచుకోండి. మగ పిట్టలను 5–6 వారాలకు మాంసానికి అమ్మాలి కాబట్టి గుడ్లు, మాంసం కొనేవారు మీ ఊళ్లో గానీ దగ్గరి సంతలో గానీ ఉన్నారా అని ముందే అడిగి తెలుసుకోండి. పిల్లలు వచ్చాక కొనేవారిని వెతకడం మొదలుపెడితే మేత ఖర్చు మీద పడుతుంది.

ఎలాంటి గుడ్లు తేవాలి?

అంగడిలో ప్యాకెట్లలో అమ్మే కౌజు గుడ్లు తినడానికి. అవి మగ పిట్ట లేకుండా పెట్టినవి కావచ్చు, ఫ్రిజ్‌లో ఉంచినవి కావచ్చు. వాటిని నమ్ముకోవద్దు. పొదిగించడానికి గుడ్లు ఇచ్చే పెంపకందారు దగ్గరే తీసుకోండి. కొనేముందు ఇవి అడగండి:

• ఎన్ని పెట్టలకు ఒక మగ పిట్టను వదిలారు? 2–3 పెట్టలకు ఒకటి ఉండాలి.
• పెట్టల వయసు ఎంత? 10 నుంచి 30 వారాల మధ్య ఉన్నవాటి గుడ్లు మంచివి.
• గుడ్లు ఎన్ని రోజుల క్రితంవి? 7 రోజులు దాటితే పిల్లల సంఖ్య తగ్గుతుంది.
• మగ, ఆడ ఒకే తల్లి పిల్లలా? కౌజుల్లో దగ్గర సంబంధం కలిస్తే పిల్లల శాతం చాలా త్వరగా పడిపోతుంది. మీరు సొంతంగా పెంచేటప్పుడు కూడా మగ పిట్టలను వేరే చోట నుంచి తెచ్చుకోండి.

మరీ చిన్నవి, మరీ పెద్దవి, పెంకు పలుచగా ఉన్నవి, గీత పడినవి, రెట్ట అంటుకున్నవి తీసేయండి. కొద్దిగా మురికి ఉంటే పొడి గుడ్డతో మెల్లగా తుడవండి. నీళ్లతో కడగకూడదు. పెంకు మీద సహజంగా ఉండే పొర పోతే సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి.

నిల్వ, ప్రయాణం

గుడ్లను మొనదేలిన వైపు కిందికి ఉండేలా 13–18 డిగ్రీల సెంటీగ్రేడ్ చల్లదనంలో ఉంచాలి. ఫ్రిజ్ అంతకంటే చాలా చల్లగా ఉంటుంది, అందులో పెట్టవద్దు. ఇంట్లో నీడగా ఉన్న మూలన తడి ఇసుక మీద మట్టి కుండ పెట్టి, అందులో గుడ్లు ఉంచి పలుచని గుడ్డ కట్టండి. గుడ్లకు మాత్రం తడి తగలకూడదు. ఎండాకాలంలో కుండలో కూడా అంత చల్లదనం రాదు. అప్పుడు 3–4 రోజుల్లోనే పొదగడానికి పెట్టేయాలి.

బస్సులోనో బైకు మీదో తెచ్చిన గుడ్లను వెంటనే పెట్టకండి. ఒక రోజు కదపకుండా, మొనదేలిన వైపు కిందికి ఉంచితే లోపలి గాలి గది కుదురుకుంటుంది. చల్లని చోటు నుంచి తీసినవి కొన్ని గంటలు గది వేడికి వచ్చాకే పెట్టాలి. లేదంటే పెంకుకు చెమట పడుతుంది.

పొదిగే పెట్టె

బజారులో దొరికే చిన్న ఇంక్యుబేటర్ కొనవచ్చు. కొనేటప్పుడు కౌజు గుడ్లకు సరిపోయే ట్రే ఉందా, లోపల ఫ్యాన్ ఉందా చూసుకోండి. కోడిగుడ్ల ట్రేలో ఇవి జారిపోతాయి.

సొంతంగా చేసుకోవాలంటే గట్టి థర్మోకోల్ పెట్టె, 40 వాట్ల పాతరకం బల్బులు రెండు, ఒక థర్మోస్టాట్, కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల చిన్న ఫ్యాన్, దానికి అడాప్టర్, ఇనుప జాలి, నీళ్ల ట్రే కావాలి. ఎల్‌ఈడీ బల్బులు తగినంత వేడి ఇవ్వవు. రెండు బల్బులకూ విడివిడిగా కరెంటు అందేలా కలపాలి. అప్పుడు ఒకటి మాడిపోయినా రెండోది పనిచేస్తుంది. పెట్టె కింది భాగంలో 4, పై భాగంలో 4 పెన్సిల్ లావు రంధ్రాలు పెట్టండి. గుడ్డులోని పిల్లకూ గాలి కావాలి.

థర్మోకోల్‌కు నిప్పు త్వరగా అంటుకుంటుంది. బల్బు దానికి కనీసం 4 అంగుళాల దూరంలో ఉండాలి. వెనుక అల్యూమినియం రేకు పెట్టి, బల్బు చుట్టూ జాలి కట్టండి. వైర్ల పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. నీళ్ల ట్రే పక్కనే కరెంటు ఉంటుంది కాబట్టి స్విచ్ తీయకుండా పెట్టెలో చేయి పెట్టకండి.

రెండు బల్బులు సగం సమయం వెలిగినా రోజుకు సుమారు 1 యూనిట్, మొత్తం 17 రోజులకు 16–17 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. గుడ్ల ధరకు దీన్ని కలిపి, బతికిన పిల్లల సంఖ్యతో భాగిస్తే ఒక్కో పిల్ల మీకు ఎంతకు పడిందో తెలుస్తుంది. బయట పిల్ల ధరతో పోల్చుకోండి.

పెట్టెను లోపలి గదిలో, ఎండ, గాలి నేరుగా తగలని చోట పెట్టండి. రేకుల ఇల్లు వద్దు. బల్బు ఆగినంత మాత్రాన పెట్టె చల్లబడదు. గది వేడి 37 డిగ్రీలు దాటితే థర్మోస్టాట్ ఏమీ చేయలేదు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో మొదటి ప్రయత్నం చేయకండి. బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. పుట్టిన పిల్లలకు చీమలు పెద్ద శత్రువులు.

ఉష్ణోగ్రత, తేమ

పట్టుపురుగులు పెంచిన రైతులకు ఈ పని సగం తెలిసినట్టే. చాకీ దశలో వేడి, తేమ ఎంత జాగ్రత్తగా చూస్తారో ఇక్కడ కూడా అంతే. ఆ షెడ్డులో వాడే తడి–పొడి థర్మామీటరు ఇక్కడ కూడా పనికొస్తుంది.

• ఫ్యాన్ ఉన్న పెట్టెలో 37.5 డిగ్రీల సెంటీగ్రేడ్ ఉంచాలి. అంటే 99.5 ఫారన్‌హీట్.
• ఫ్యాన్ లేని పెట్టెలో గుడ్ల పైభాగం ఎత్తులో కొలిచి 38.3–38.8 డిగ్రీలు ఉంచాలి.
• మొదటి 14 రోజులు తేమ 55–60 శాతం. పొడి థర్మామీటరు 37.5 చూపినప్పుడు తడిది 29.5–30.5 చూపితే సరిపోయినట్టు.
• చివరి 3 రోజులు తేమ 70 శాతం దాకా. అప్పుడు తడిది 32–33 చూపాలి.

తేమ పెంచాలంటే నీళ్ల ట్రే వెడల్పు పెంచాలి. లోతు పెంచితే ప్రయోజనం లేదు. ట్రేలో చిన్న స్పాంజి ముక్క వేసినా తేమ పెరుగుతుంది. గుడ్ల మీద నీళ్లు చల్లవద్దు.

చౌక థర్మామీటర్లు ఒక డిగ్రీ అటూ ఇటూ చూపుతాయి. పని చెడిపోవడానికి ఆ ఒక్క డిగ్రీ చాలు. ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరును గుడ్ల ఎత్తులో పెట్టి రెండింటినీ పోల్చి చూడండి. తేడా ఎంత ఉందో పెట్టె మీదే రాసుకోండి. గుడ్లు పెట్టే ముందు ఖాళీ పెట్టెను కనీసం 24 గంటలు నడిపి, పగలు రాత్రి ఉష్ణోగ్రత నిలకడగా ఉందని నిర్ధారించుకోండి.

రోజువారీగా చేయాల్సిన పని

గుడ్లు పెట్టిన మరుసటి రోజు అదే సమయానికి ఒక రోజు నిండినట్టు లెక్క. ఆదివారం సాయంత్రం పెడితే రెండు వారాల తర్వాతి ఆదివారం సాయంత్రానికి 14 రోజులు నిండుతాయి. ఆ తర్వాతి బుధవారానికి పిల్లలు రావాలి. క్యాలెండరు మీద ఈ తేదీలు రాసి పెట్టండి.

పెట్టే రోజు: ప్రతి గుడ్డుకు ఒక వైపు గుణకారం గుర్తు, మరో వైపు సున్నా పెన్సిల్‌తో రాయండి. అన్నిటినీ కలిపి తూకం వేసి రాసుకోండి.

1 నుంచి 14వ రోజు వరకు: రోజుకు 3 లేదా 5 సార్లు గుడ్లు తిప్పాలి. బేసి సంఖ్య ఎందుకంటే, ప్రతి రాత్రి ఒకే వైపు పైకి ఉండిపోకూడదు. తిప్పకపోతే లోపలి పిల్ల పెంకు పొరకు అంటుకుపోతుంది. తిప్పే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. మందు కొట్టి వచ్చిన చేతులతో అసలు ముట్టకండి.

7 లేదా 8వ రోజు: చీకటి గదిలో చిన్న టార్చిలైటును గుడ్డు వెడల్పు వైపు ఆనించి చూడండి. కౌజు గుడ్డు మీద మచ్చలు ఉండటం వల్ల కోడిగుడ్డంత స్పష్టంగా కనిపించదు. లోపల నల్లగా ఉండి పైన గాలి గది తేటగా కనిపిస్తే పిల్ల పెరుగుతున్నట్టు. మొత్తం పసుపుగా వెలిగితే విత్తనం లేనిది, తీసేయండి. అనుమానం ఉన్నదాన్ని ఉంచండి. చెడు వాసన వచ్చేదాన్ని మాత్రం వెంటనే తీసేయాలి. అది లోపల పగిలితే మిగతావీ చెడతాయి.

14 నిండిన రోజు: తిప్పడం ఆపేయండి. గుడ్లను జాలి లేదా గరుకు గుడ్డ మీద పక్కకు పడుకోబెట్టండి. ట్రేలో నీళ్లు పెంచండి. తర్వాత మూత తెరవకండి.

తూకం చెప్పే సంగతి

గుడ్డులోని నీరు కొంచెం కొంచెంగా ఆవిరి కావాలి. 14 రోజుల్లో బరువు సుమారు 12 శాతం తగ్గితే తేమ సరిగా ఉన్నట్టు. 50 గుడ్లు 550 గ్రాములు తూగితే 7 రోజులకు సుమారు 517, 14 రోజులకు సుమారు 484 గ్రాములు ఉండాలి. అంతకంటే ఎక్కువ తగ్గితే తేమ తక్కువైంది. తక్కువ తగ్గితే తేమ ఎక్కువైంది. మధ్యలో గుడ్లు తీసేస్తే మిగిలినవాటిని మళ్లీ తూచి లెక్క సరిచేసుకోండి.

కరెంటు పోతే

ఇది మన ప్రాంతంలో తప్పని సమస్య. గంట లోపు పోతే మూత తెరవకుండా ఉంటే చాలు. ఎక్కువసేపు అయితే పెట్టె మీద దుప్పటి కప్పి, గాలి రంధ్రాలు మాత్రం వదిలేయండి. చేయి పెట్టగలిగేంత వేడి నీళ్లు సీసాల్లో పోసి గుడ్లకు తగలకుండా లోపల మూలల్లో ఉంచండి. నీళ్లు చల్లారినప్పుడల్లా మార్చండి. చివరి రోజుల్లో పిల్లలకు గాలి ఎక్కువ కావాలి, అప్పుడు రంధ్రాలు అసలు మూయకూడదు. కిరోసిన్ దీపం, బొగ్గుల కుంపటి గదిలో పెట్టవద్దు. పొగ పిల్లలకూ, మీకూ ప్రమాదమే.

కొంతసేపు చల్లబడిన గుడ్లు చాలావరకు బతుకుతాయి, ఒక రోజు ఆలస్యంగా పిల్లలవుతాయి. ఎక్కువ వేడి తగిలినవి బతకవు. కాబట్టి కరెంటు వచ్చాక త్వరగా వేడెక్కాలని థర్మోస్టాట్ పెంచకండి. పోయిన గుడ్లని ఆశ వదులుకుని పారేయకండి. 19 రోజుల దాకా చూడండి.

పిల్లలు వచ్చే రోజు

16 నుంచి 18వ రోజు మధ్య పెంకుకు చిన్న గంటు కనిపిస్తుంది. ఆ తర్వాత పిల్ల బయటికి రావడానికి చాలా గంటలు పట్టవచ్చు. ఈ సమయంలోనే కొత్తవారు తొందరపడతారు. పెంకు వొలిచి సాయం చేయాలనిపిస్తుంది. చేయకండి. లోపలి రక్తనాళాలు ఇంకా ఎండలేదు, మిగిలిన పచ్చసొన ఇంకా కడుపులోకి పోలేదు. మూత తెరిస్తే తేమ పోయి, ఇంకా రాని పిల్లల పొర ఎండి వాటికే బిగుసుకుంటుంది.

బయటికి వచ్చిన పిల్లలు ఒళ్లు ఆరేదాకా లోపలే ఉండాలి. కడుపులోని పచ్చసొనతో ఒక రోజు గడుపుతాయి. చాలావరకు వచ్చాక, మొదటి పిల్లకు 24 గంటలు దాటకముందే అన్నిటినీ ఒకేసారి తీయండి.

మొదటి వారం

పుట్టిన పిల్ల 7–8 గ్రాములే ఉంటుంది. ఎక్కువ నష్టం ఈ వారంలోనే వస్తుంది.

• 50 పిల్లలకు 2 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉన్న అట్టపెట్టె చాలు. పైన జాలి వేయండి. పిల్లి, ఎలుక, పాము రాకుండా చూడండి.
• 40–60 వాట్ల బల్బు వేలాడదీయండి. కింద వేడి 35–37 డిగ్రీలు ఉండాలి. వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించండి. పిల్లలు బల్బు కింద గుంపుగా చేరితే చలి, దూరంగా నోళ్లు తెరిచి ఉంటే వేడి, అంతా పరుచుకుని ఉంటే సరిపోయింది. మదనపల్లె వైపు డిసెంబరు, జనవరి రాత్రుల్లో పక్కలకు గోనెసంచి కట్టండి.
• చెనిక్కాయ పొట్టు లేదా వరి పొట్టు పరిచి, దాని మీద గరుకు గుడ్డ వేయండి. నున్నటి న్యూస్‌పేపర్ మీద కాళ్లు జారి విడిపోతాయి.
• నీళ్ల పళ్లెం చాలా లోతు తక్కువది పెట్టి, అందులో గోలీలు లేదా కడిగిన గులకరాళ్లు వేయండి. లేకపోతే పిల్లలు నీళ్లలో పడి చనిపోతాయి.
• మేతలో మాంసకృత్తులు 24–27 శాతం ఉండాలి. కౌజు మేత దొరకకపోతే బ్రాయిలర్ ప్రీస్టార్టర్‌ను మెత్తగా పొడి చేసి ఇవ్వండి. గుడ్లు పెట్టే కోళ్ల మేత పిల్లలకు వద్దు, అందులో సున్నం ఎక్కువ.
• నాటుకోళ్లతో కలిపి పెంచకండి. కోళ్ల జబ్బులు వీటికి అంటుకుంటాయి.

3–4 వారాలకు రొమ్ము ఈకలు చూసి వేరు చేయవచ్చు. మగవాటికి ఎర్రటి గోధుమ రంగు, ఆడవాటికి లేత రంగు మీద నల్లటి మచ్చలు ఉంటాయి.

తప్పు ఎక్కడ జరిగింది?

పిల్ల కాని గుడ్లను పారేయకముందు పగలగొట్టి చూడండి. తర్వాతి విడతకు అదే మీ పాఠం.

• లోపల ఏ మార్పూ లేదు: విత్తనం లేదు, లేదా గుడ్లు పాతవి. గుడ్లు ఇచ్చినవారిని అడగండి.
• మొదటి రోజుల్లోనే చనిపోయి రక్తపు గీత ఉంది: నిల్వలో వేడి తగిలింది, లేదా పెట్టెలో ఉష్ణోగ్రత హెచ్చుతగ్గులైంది.
• పూర్తిగా పెరిగి పెంకులోనే చనిపోయింది: తేమ తేడా, గాలి చాలకపోవడం, సరిగా తిప్పకపోవడం.
• 16వ రోజుకు ముందే వచ్చాయి, బొడ్డు సరిగా మూసుకోలేదు: వేడి ఎక్కువ.
• 18 రోజులు దాటాక నీరసంగా వచ్చాయి: వేడి తక్కువ.
• పొర ఒంటికి అంటుకుని ఎండింది: చివరి 3 రోజుల్లో తేమ తక్కువ, లేదా మూత తెరిచారు.

ప్రతి విడత తర్వాత పెట్టెను ఖాళీ చేసి, కరెంటు తీసి, పెంకులు, నూగు తుడిచి, పలుచని బ్లీచింగ్ నీళ్లతో శుభ్రం చేసి బాగా ఆరబెట్టండి. ఫార్మాలిన్ పొగ పెట్టడం ఇంట్లో చేయకూడదు, అది మనుషులకు హాని.

పిల్లలు ఎక్కువగా చనిపోతుంటే సొంతంగా మందులు వేయకండి. చనిపోయిన పిల్లను కవరులో పెట్టి, అదే రోజు దగ్గరి పశువైద్యశాలకు తీసుకెళ్లి చూపించండి. కలికిరి కృషి విజ్ఞాన కేంద్రంలో, తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో కూడా సలహా అడగవచ్చు. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. పెట్టిన తేదీ, గుడ్ల సంఖ్య, బరువు, ఉదయం సాయంత్రం ఉష్ణోగ్రత, కరెంటు పోయిన గంటలు, వచ్చిన పిల్లలు, వారం తర్వాత బతికినవి రాయండి. రెండు విడతలు ఇలా రాస్తే మీ పెట్టె గుణం, మీ ఇంటి వాతావరణం మీకే తెలుస్తాయి. 50 గుడ్లలో 30 పిల్లలు వరుసగా రెండుసార్లు వచ్చి, వాటిలో ఎక్కువ భాగం వారం తర్వాత కూడా బతికి ఉంటే అప్పుడు 100 గుడ్ల గురించి ఆలోచించండి. అంతవరకు అప్పు చేసి పెద్ద యంత్రం కొనకండి.